లస్మక్క దించని లైటు

లాగ్ 1

బొగ్గు బాయిలో కాపురముంటున్న సమస్త జనులకు తెలియజేయునది ఏమనగా, కావలి గది లాప్‌టాప్‌కు ఒంట్లో బాగోలేదు. దాని తెర వెలుగు బుద్ధి పుట్టినప్పుడు పెరుగుతోంది, బుద్ధి పుట్టినప్పుడు తగ్గుతోంది. నాలుగో సీము అనే బొగ్గు పొరలోని కాలేజీలో కంప్యూటర్ల చదువు ముగించి ఖాళీగా తిరుగుతున్న మేధావిని నేనొక్కణ్ణే కావడంతో, బాయి పెద్ద సర్దార్ నంబయ్య నన్ను తెర వైద్యుడిగా నియమించారు. ప్రతిఫలం పూటకొక గరిటె పుట్టగొడుగుల కూర అదనం. చేసిన ప్రతి చికిత్సా రాసిపెట్టాలని ఆజ్ఞ. రాస్తున్నాను. వైద్యుడి పేరు ఓదెలు.

నిజానికి ఈ కుర్చీ ఐలేశుది. నేనూ వాడూ ఒకే బెంచీ. వాడు పాఠం వినేవాడు, నేను వాడి పక్కన కూర్చుని విన్నట్టు కనిపించేవాణ్ణి. చలికాలం చివర గుట్ట మీది టవరు బాగుచేసి వస్తానని పైకి పోయాడు. రావాల్సిన రోజు దాటి చాలా రోజులైంది. అందుకే కుర్చీ ఖాళీ. అందుకే నేను.

రోగి స్థితి: ఉదయం షిఫ్టులో తెర నల్లబడింది. మధ్యాహ్నం కళ్ళు పొడిచేంత వెలిగింది. సాయంత్రం మళ్ళీ నల్లబడింది. కోడలి మీద అలిగిన అత్త లక్షణాలు.

లాగ్ 2

ఈ యంత్రం లినక్స్ మీద నడుస్తుంది. పాతకాలంలో రకరకాల కంపెనీల వ్యవస్థలు ఉండేవట. కంపెనీలు పోయాయి, వాటితోపాటు అవీ పోయాయి. దీనికి యజమాని అంటూ ఎవరూ లేరు కాబట్టి ఇది చావడం మరిచిపోయింది.

తెర వెలుగు ఎంతుండాలో చెప్పే అంకె ఒక ఫైల్లో ఉంటుంది. అధికారం ఉన్నవాళ్ళు ఆ అంకె మార్చొచ్చు. అధికారం కావాలంటే పాస్‌వర్డు కొట్టాలి. ఐలేశు పోయేముందు చెవిలో చెప్పి పోయాడు. "ఎవ్వనికి చెప్పకురా, మా అక్కకైతే అసలే చెప్పకు, తంతది" అన్నాడు. వాళ్ళక్క లస్మక్క వాడు ఇంట్లో అడుగుపెట్టగానే అరిచే మాటే ఆ పాస్‌వర్డు. ‘తిన్నవారా.’

కొట్టాను. అంకె మార్చాను. వెలుగు నేను చెప్పినట్టే నిలబడింది. విజయగర్వంతో కూర తినడానికి పోయాను. వచ్చేసరికి తెర నల్లగా ఉంది.

కూర బాగుంది.

లాగ్ 3

కావలి గదిలో చేసే పని ఏమిటో కొత్తగా పుట్టినవాళ్ళ కోసం. పైకి పోయిన ప్రతి మనిషి మెడలో ఒక బిళ్ళ ఉంటుంది. ఆ మనిషి బాయి దరిదాపుల్లోకి రాగానే తెర మీద చుక్క పడుతుంది. కావలి మనిషి ఆ చుక్క చూసి మీట నొక్కితే, పైన ఇనుప తలుపు పక్కన దీపం మిణుకుమంటుంది. ఆ దీపం చూసుకుంటూ వాళ్ళు తలుపు చేరతారు. తలుపు లోపలి నుంచే తెరుచుకుంటుంది. చుక్కను ఎవరూ చూడకపోతే బయటి మనిషి బయటే.

ఇదంతా యంత్రమే చేసుకోవచ్చు కదా అని ప్రతి ఏడూ ఎవరో ఒక బుద్ధిమంతుడు అడుగుతాడు. ఒకసారి అలాగే పెట్టారు. ఎవరిదో పడిపోయిన బిళ్ళను నోట కరుచుకుని ఒక ఊరకుక్క వచ్చింది. పట్టపగలు తలుపు తెరుచుకుంది. ఆ వేడికి మూడో సీములో పుట్టగొడుగులన్నీ ఉడికిపోయాయి. కుక్క మాత్రం మాతోపాటే స్థిరపడింది. అప్పటి నుంచి మనిషి కన్ను తప్పనిసరి. స్పీకరు ఉంటే కనీసం చప్పుడైనా చేసేది, అది మా తాత పెళ్ళి నాటికే మూగబోయిందని వినికిడి.

తాతల తాతలు ఈ బాయిలో బొగ్గు తవ్వారట. మేం ఎండకు జడిసి అందులోనే కాపురాలు తవ్వుకున్నాం. ఎండ ముదిరే ముందు మూత పండుగ వస్తుంది. ఇనుప తలుపుకు తడిమట్టి మెత్తి, పైనున్న సోలార్ పలకలన్నీ లోపలికి దించేస్తాం. ఆ తర్వాత చుక్క పడితే మట్టి పగలగొట్టి తలుపు తీయాలి. వానలు పడేదాకా ఉన్న బ్యాటరీలే గతి. పండుగ దగ్గర పడుతోంది.

లాగ్ 4

అనుమానితుడు దొరికాడు. పోయేముందు ఐలేశు పక్క బాయి నుంచి వచ్చిన కొత్త అప్‌డేట్ ఎక్కించాడు. రోగం ఆ తర్వాతే మొదలైంది. అందులో కొత్త కెర్నల్ ఉంది. కెర్నల్ అంటే యంత్రానికి గుండెకాయ లాంటిది. కొత్త గుండెకాయ తీసి పాతది పెట్టాను. తెర మొత్తానికే రాలేదు. నాకు తెలిసిన దేవుళ్ళందరికీ దండం పెట్టాను, తెలియనివాళ్ళకు కూడా ఒకటి పెట్టాను. మూడోసారి ఆన్ చేస్తే వచ్చింది. పాత గుండెకాయతోనూ అదే రోగం. మళ్ళీ కొత్తదే పెట్టాను.

తీగ వదులైందేమోనని తెర మడిచేచోటి బందు చూశాను. బందు విరిగినచోట ఐలేశు సైకిల్ ట్యూబు ముక్క చుట్టి, దారంతో కట్టి, మూడు ముళ్ళు వేశాడు. పెళ్ళి కాలేదని ఏడ్చేవాడు, చివరికి లాప్‌టాప్‌కు కట్టాడు. ఆ ముళ్ళు విప్పబుద్ధి కాలేదు, సందులోంచే చూశాను. తీగ బాగానే ఉంది.

లాగ్ 5

ఈ రోజు కావలి గదిలో పంచాయితీ జరిగింది. సర్దార్ నంబయ్య, పెద్దమనుషులు వచ్చి నా చుట్టూ కూర్చున్నారు. బాయిలో పుట్టిన పిల్లలకు మాటలకన్నా ముందు నేర్పే మర్యాదలు రెండు. ఎదుటివాళ్ళ కళ్ళలో టోపీ లైటు కొట్టకూడదు. చనిపోయినవాళ్ళ పేరెత్తినప్పుడు లైటును పాదాల మీదికి దించాలి.

"ఐలేశుగాని సంగతి..." అంటూ నంబయ్య టోపీ మీద చెయ్యి వేసి లైటు దించారు. మిగతావాళ్ళూ దించారు. నా చెయ్యి కూడా పైకి పోయింది. వద్దనుకున్నాను, కానీ అలవాటైన చెయ్యి నా మాట వినలేదు.

సరిగ్గా అప్పుడే తెర నల్లబడింది.

నంబయ్య మెల్లగా అన్నారు: "సూసిన్రా. మిషనే లైటు దించింది. ఇగ మనం చెప్పేదేముంది."

"సర్దార్, అది సాఫ్ట్‌వేర్ సమస్య" అన్నాను.

"మరి బాగుచెయ్యి. బాగైందాంక నీ సాఫ్టువేరు కంటె నాకు నా కండ్లే నయం."

ఇంకో మాట కూడా చెప్పారు. తెర ఇలా ఎగిరెగిరి వెలిగితే బ్యాటరీ ఎండాకాలం సగం దాకా కూడా రాదు. మూత పండుగలోపు రోగం కుదిరితే కావలి కొనసాగుతుంది. కుదరకపోతే యంత్రం ఆపేసి, ఆ కరెంటు గాలి ఫ్యానుకు ఇస్తారు. అందులో అన్యాయమేమీ లేదు. గాలి పీల్చేవాళ్ళు చాలామంది, రావాల్సినవాడు ఒక్కడు.

లాగ్ 6

పంచాయితీ సంగతి లస్మక్కకు తెలిసింది. బాయిలో వార్తకు కాళ్ళుండవు, సొరంగాలే ఉంటాయి. పుట్టగొడుగులు పెంచే సొరంగం, అదే గాలరీ, నుంచి చేతులకు మట్టితోనే వచ్చింది. తల్లీ తండ్రీ పోయాక ఐలేశును పెంచింది ఆమె. పదేళ్ళ పెద్ద.

"ఏందిరా ఓదెలూ, మిషన్ మా తమ్మునికి కర్మకాండ జేసిందట గద?"

"అట్లేంలేదక్కా, కొంచెం నల్లబడ్డది."

ఆమె టోపీ లైటు సరాసరి తెర మీదికి తిప్పుకుని ముందుకు వంగింది. "ఐలేశూ" అని పిలిచింది. వాడి పేరెత్తి లైటు దించని మనిషి ఈ బాయిలో ఆమె ఒక్కతే. దించితే ఒప్పుకున్నట్టేనంటుంది. ఇంటివాళ్ళు దించేదాకా పొరుగువాళ్ళు చప్పిడి గటుక తేకూడదు. ఉప్పులేని ఆ జొన్న గటుక తింటేనే చావు ఖాయమైనట్టు. బాయి మొత్తం గిన్నెలు పట్టుకుని ఆమె లైటు కోసం ఎదురుచూస్తోంది.

నల్లగా ఉన్న తెర మెల్లగా వెలిగింది. ఇంకా వెలిగింది. గదంతా పాలు పోసినట్టయింది.

లస్మక్క నన్ను చూసి నవ్వింది. ఐలేశు పోయాక ఆమె నవ్వడం చూడలేదు. "సూసినవా? నా గొంతు గుర్తువట్టింది. వాడున్నడురా. టవరు కింద నీళ్ళ గది లేదా? వెనకట ఒకామె ఎండాకాలమంత అండ్లనే ఉండి రాలేదా?"

వచ్చింది. నిజమే. నేను పుట్టకముందు. ఆ తర్వాత మళ్ళీ ఎవరూ రాలేదు.

"ఉన్నడక్కా" అన్నాను. ఈ వాక్యాన్ని రోగనిర్ధారణగా పరిగణించరాదు.

లాగ్ 7

కరెంటు పొదుపు చేసే ప్రోగ్రాం ఒకటుంది. ఆపాను. తేడా లేదు. తెర వెలుగు గుర్తుపెట్టుకునే ప్రోగ్రాం ఇంకొకటి. ఆపాను. తేడా లేదు. ఏది ఎప్పుడు ఏం చేసిందో యంత్రం కూడా నాలాగే లాగ్ రాసుకుంటుంది. కూర్చుని అంతా చదివాను. నాకన్నా శ్రద్ధగా రాస్తుంది, జోకులు మాత్రం లేవు. వెలుగు మారిన ప్రతిసారీ ‘సెన్సర్’ అని ఒక మాట ఉంది. దేని సెన్సరో రాయలేదు. ఎండలో తిరిగిన పాతకాలపు మనుషులు దాన్ని ఎందుకు పెట్టారో నాకు తోచడం లేదు. ఎందుకు తోస్తుంది? ఎండను నేను నా జన్మలో తలుపు సందులోంచి రెండుసార్లు చూశాను. రెండుసార్లూ ఏడ్చాను. కళ్ళు మండి.

లస్మక్క ఇప్పుడు రోజూ వస్తోంది. గాలరీ పని కాగానే వచ్చి, లైటు తెర మీద పెట్టి కూర్చుంటుంది. వెలుగుతుంది. తమ్ముడికి ఆ రోజు జరిగినవన్నీ చెబుతుంది. కుక్క ఈనిందని, నేను కూర ఎక్కువ తింటున్నానని. ఆమె పోగానే తెర వాడిపోతుంది. సర్దార్ వచ్చి వాడి పేరెత్తితే నల్లబడుతుంది. జనం రెండుగా చీలారు. వాడు పోయాడని యంత్రం చెబుతోందనేవాళ్ళు కొందరు, అక్క కోసం కొట్టుకుంటున్నాడనేవాళ్ళు కొందరు. నన్నెవరూ అడగడం లేదు.

బ్యాటరీ మాత్రం లస్మక్క వచ్చిన ప్రతిసారీ గబగబా దిగుతోంది.

లాగ్ 8

దొరికింది.

సంతోషంగా రాయాలి. రాయలేకపోతున్నాను.

తెర మీద మట్టివేళ్ళ మరకలుంటే తడిగుడ్డతో తుడుస్తున్నాను. తెర పైఅంచున ఒక చిన్న గుండ్రటి కన్నం ఉంది. పురుగు తొలిచిందేమో అనుకునేవాళ్ళం. బొటనవేలు దాని మీద పడింది. తెర నల్లబడింది. వేలు తీశాను. వెలిగింది. వేసి చూశాను, తీసి చూశాను. పిల్లాడు దీపంతో ఆడుకున్నట్టు చాలాసేపు ఆడుకున్నాను.

అది కన్ను. చుట్టూ ఎంత వెలుతురుందో చూసే కన్ను. పాతకాలపు మనుషులు ఈ డబ్బా ఒళ్ళో పెట్టుకుని ఎండలో కూర్చునేవాళ్ళు కాబోలు. తెలిసి, కావాలని, హాయిగా! ఎండలో తెర కనబడదని, వెలుతురు పెరిగితే తెర కూడా పెరగాలని, చీకటైతే వాళ్ళ కళ్ళు నొప్పెట్టకుండా తగ్గాలని ఈ ఏర్పాటు చేసుకున్నారు. అప్‌డేట్‌లో గుండెకాయతోపాటు వచ్చిన సెన్సర్ ప్రోగ్రాం, ఇన్నాళ్ళూ నిద్రపోయిన ఆ కన్నును తెరిచింది. ఇక్కడ ఎండెక్కడిది? ఉన్నవి టోపీ లైట్లు. అందరూ లైట్లు దించితే పొద్దుగూకిందనుకుంది. లస్మక్క లైటు దించకుండా ఎదురుగా కూర్చుంటే తెల్లవారిందనుకుంది.

అంతే. ఐలేశుతో దానికేమీ పని లేదు.

ఆ సెన్సర్ ప్రోగ్రాంను ఆపి, వెలుగు అంకెను అట్టడుగున పెడితే బ్యాటరీ వానల దాకా వస్తుంది. లెక్క వేసి చూశాను. రోగం కుదిరినట్టే. కావలి ఆగదు. కానీ ఇంక లస్మక్క వచ్చినా తెర వెలగదు.

లాగ్ 9

చెప్పకుండా ఆపేద్దామనుకున్నాను. రేపు ఆమె వచ్చి పిలుస్తుంది, తెర పలకదు, పోయాడని అనుకుంటుంది. అంతకన్నా చెప్పడమే నయం. పుట్టగొడుగుల గాలరీకి పోయాను. అక్కడ తడి గడ్డి వాసన, పైకప్పు నుంచి చుక్కలు. లస్మక్క గడ్డిమోపులు తిరగేస్తోంది.

"తిన్నవారా?" అంది.

దారి పొడవునా కూడబెట్టుకున్న మాటలన్నీ కూలిపోయాయి. "తిన్న అక్కా. జర కావలి గదికి రావాలె."

వచ్చింది. లైటు తెర మీద పడింది, తెర వెలిగింది. ఆమె ముఖమూ వెలిగింది. నేను బొటనవేలు కన్నం మీద పెట్టాను. నల్లబడింది. తీశాను. మళ్ళీ పెట్టాను. నా వేలే అంతా చెప్పింది.

లస్మక్క నా చెయ్యి పక్కకు తోసి తన వేలు పెట్టింది. తీసింది. పెట్టింది.

"నా లైటేనా?"

"నీ లైటే అక్కా."

"గంతేనా?"

"గంతే."

ఇంకోసారి వేలు పెట్టి తీసింది. తర్వాత కసిరింది. "గింత సదువు సదివినవ్ గదరా. గిది చెప్పకుంటె నీ సదువు కరిగిపోతుండెనా?"

"దీన్ని ఆపకపోతె బ్యాటరీ అయిపోతది, మిషన్ ఆపుతరు. మన అదృష్టం బాగుండి వాడొచ్చినా చుక్క సూసేటోళ్ళుండరు. తలుపు తీసేటోళ్ళుండరు." నా గొంతు ఎందుకో పిల్లాడి గొంతులా వినిపించింది. "తెర తక్కువ వెలిగితె ఎండాకాలమంత సూడొచ్చక్కా."

ఆమె చేతులకున్న మట్టి చీర కొంగుతో తుడుచుకుంది. ఒక్కో వేలే తుడుచుకుంది.

"చెయ్యి మరి" అంది.

కూర్చున్నాను. ఆజ్ఞ రాశాను. యంత్రం పాస్‌వర్డు అడిగింది. కొడుతుంటే అక్షరాలు తెర మీద కనబడవు. ఆమె నా వేళ్ళ వైపు చూస్తోంది.

"ఏం గొట్టినవ్?"

"పాస్‌వర్డు. వాడు పెట్టింది."

"ఏందది?"

ఎవరికీ చెప్పనని మాటిచ్చాను. ముఖ్యంగా ఆమెకు. "తిన్నవారా" అన్నాను.

"ఇందాక నేనడిగితి గద, తిన్ననని చెప్పితివి..." అనబోయి ఆగిపోయింది. అర్థమైంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడ్చిందో నవ్విందో వైద్యుడికి తెలియదు. వైద్యుడు ఆ సమయంలో గోడ పరిశీలిస్తున్నాడు.

లాగ్ 10

అదే రోజు. మిగిలింది రాయాలి.

సెన్సర్ ఆగింది. అంకె అట్టడుగుకు దించాను. తెర వెలుగు నివురు కింది నిప్పంత. అది నిలకడగా ఉంది. కానీ ఒక చిక్కు వచ్చింది. లస్మక్క లైటు దాని మీద పడుతుంటే తెర అద్దంలా మెరిసి ఏమీ కనబడడం లేదు. ఆమె ముఖమే కనిపిస్తోంది. చుక్క పడితే అసలే కనబడదు.

"ఏం కనవడ్తలేదు గదరా. గిట్లైతె ఎట్ల సూస్తం?"

జవాబు నాకు తెలుసు. చెప్పే బదులు తెర మళ్ళీ తుడిచాను. తెర మీద బయటి వెలుతురు పడకూడదు, అంటే ఆమె లైటు దించాలి. బాయిలో పుట్టిన ఎవరికైనా ఆ మాట ఇంకో రకంగానే వినిపిస్తుంది.

ఆమె నా ముఖం చూసింది. తర్వాత తలుపు బయట చూసింది. గడప అవతల నీళ్ళ ట్యాంకు దగ్గర అప్పటికే జనం పోగయ్యారు. సర్దార్ నంబయ్య ముందున్నారు. మిషన్ బాగైందని వార్త సొరంగాలు పట్టి పోయింది.

లస్మక్క చెయ్యి ఎత్తింది. టోపీ అంచు పట్టుకుంది. చాలాసేపు అలాగే పట్టుకుని ఉంది. తర్వాత లైటు దించింది. తెర మీది నుంచి, ఒడి మీది నుంచి, పాదాల మీదికి.

చీకట్లో తెర తేటగా కనిపించింది. గుట్ట గీత, టవరు గుర్తు, బాయి తలుపు. చుక్క లేదు.

"ఇప్పుడు మంచిగ కనవడ్తుంది" అంది లస్మక్క.

బయట ఒక లైటు దిగింది. ఇంకోటి దిగింది. ట్యాంకు దగ్గర నుంచి పైకి ఎక్కే ఇంక్లైను వాలు మలుపు దాకా ఒకటొకటిగా లైట్లన్నీ నేల మీదికి దిగాయి. కడవలు కింద పెట్టిన చప్పుడు. ఎవరో ముక్కు చీదారు. నేను లేచి బయటికి పోయి, అది కాదు, ఆమె దించింది చూడడానికే అని చెప్పబోయాను. లస్మక్క నా మోచెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

"ఉండనియ్" అంది. "ఆళ్ళు గూడ ఈ దుక్కం ఎన్నొద్దులు మోస్తరు."

కాసేపటికి గిన్నె వచ్చింది. నంబయ్యే స్వయంగా తెచ్చారు. చప్పిడి గటుక. ఆమె ముందు పెట్టి, టోపీ సర్దుకున్నారు. "తిను బిడ్డా" అన్నారు చివరికి.

లస్మక్క తల తిప్పలేదు. కళ్ళు తెర మీదే. చేత్తో తడుముకుంటూ గిన్నె దగ్గరికి లాక్కుంది. ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది. ఇంకో ముద్ద చేసి నా చేతిలో పెట్టింది.

"కావలి ఆపుతరా సర్దార్?" అని అడిగింది, నములుతూనే.

నంబయ్య గిన్నె వైపు చూశారు, ఆమె కళ్ళ వైపు చూశారు, అంతా అర్థం చేసుకోవడానికి వయసు సరిపోయిన మనిషి. "ఎందుకాపుత?" అన్నారు. "బ్యాటరీ ఉన్నది గద."

ఆయన లైటు దించుకునే వెళ్ళిపోయారు.

లాగ్ 11

మూత పండుగ అయింది. తలుపుకు మట్టి మెత్తారు. పలకలు దించారు. కుక్కపిల్లలు మట్టి తొక్కి ఆగం చేశాయి.

వైద్యుడి తుది నివేదిక: తెర వెలుగు నిలకడగా ఉంది. రోగం కుదిరింది. అదనపు గరిటె కూర ఆపేశారు. దీనిపై అభ్యంతరం దాఖలు చేయడమైనది.

లస్మక్క, నేను వంతులు వేసుకున్నాం. వంతులే గాని ఇద్దరం ఎప్పుడూ ఇక్కడే ఉంటున్నాం. ఆమె ఇప్పుడు తమ్ముడితో మాట్లాడడం లేదు. నాతో మాట్లాడుతోంది, తిట్టడానికి. జనం ఆమెను చూసి జాలిగా పక్కకు తప్పుకుంటారు, పాపం ఒప్పుకుంది అనుకుంటారు. ఒప్పుకుందో లేదో నేను అడగలేదు. అడిగితే ఏం చెబుతుందో వినే ధైర్యం నాకు లేదు.

ఇందాక యంత్రం ఒకసారి ఆపి ఆన్ చేయాల్సివచ్చింది. పాస్‌వర్డు అడిగింది. నేను మీటల మీద చెయ్యి పెట్టేలోపు లస్మక్క ముందుకు వంగి, ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటూ, చూపుడు వేలుతో తానే కొట్టింది.

తెర వచ్చింది. గుట్ట, టవరు, తలుపు. చుక్క లేదు. మా రెండు లైట్లూ పాదాల మీద ఉన్నాయి. చూస్తున్నాం.